కాళ్లు లేని గోడ

ముసునూరు చుట్టుపక్కల మామిడితోటల్లో వడ్రంగి బుచ్చయ్య చెయ్యి పడని గుంజ ఉండేది కాదు. కాపలా పాకలు, గొడ్ల సావిళ్లు, పెళ్లి పందిళ్లు, కాయ దించే రోజుల్లో వేసే తాటాకు కొట్టాలు, అన్నీ అతను నిలబెట్టినవే. అతని విద్యంతా చెప్పుకోవాలంటే నాలుగు మాటలు చాలు. మోకాలు దాటేంత లోతు గుంట తియ్యాలి. గుంజ మొదలు నిప్పుల మీద నల్లగా కాల్చాలి. గుంటలో దింపి, మట్టి పోసి, దిమ్మిసతో కొట్టాలి. ఆ తర్వాత చేతులు దులుపుకుని చుట్ట వెలిగించాలి. "నేల పట్టుకున్నాక ఇంక గాలి ఏం పీకుద్ది?" అనేవాడు. ఆ మాట నిజమో కాదో ఎవరూ అడగలేదు. అతని తాతా అదే అన్నాడు, తండ్రీ అదే అన్నాడు.

మంచివాడే, పనిమంతుడే. కాకపోతే ఒక్క జబ్బు ఉండేది. ఇవాళ చెయ్యాల్సింది రేపటికి నెట్టేవాడు. తలుపు కిర్రుమంటోంది బుచ్చయ్యా అంటే, చూద్దాంలే. నాగలి మేడి ఊగుతోందయ్యా అంటే, చూద్దాంలే. ఊళ్లో వాళ్లు చివరికి 'చూద్దాంలే బుచ్చయ్య' అని పేరు పెట్టేశారు. అతనికి కోపం వచ్చేది కాదు. కోప్పడే పని కూడా తర్వాత చూద్దాంలే అనుకునేవాడేమో మరి.

ఆ మాటే ఒకసారి అతని కొంప ముంచింది.

దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ముందటి ఏటి ఎండాకాలం అది. శ్రీమన్నారాయణగారి తోటలో కాయ దింపుతున్నారు. రసాలనూ బంగినపల్లులనూ వరిగడ్డిలో సర్ది గంపలకెత్తే కొట్టం బుచ్చయ్య వేసిందే. కొన్నేళ్లుగా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఒక సాయంత్రం అటుగా పోతూ, ఉత్తరపు వైపు గుంజ మీద ఊరికే సుత్తి పిడితో కొట్టాడు. గట్టి కర్రయితే ఠంగుమనాలి. ఇది డొల్లగా పలికింది. లోపల చెద చేరిందని అతనికి అప్పుడే అర్థమయింది. అయితే కోత ముమ్మరంగా ఉంది, బండ్లు వరస కట్టి ఉన్నాయి, ఇప్పుడు కొట్టం విప్పమంటే ఎవరు ఒప్పుకుంటారు? చూద్దాంలే అనుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం గుట్టల మీదుగా గాలి లేచింది. నేల పట్టుకుందనుకున్న గుంజలు నేల దగ్గరే పుటుక్కుమన్నాయి. ఉత్తరపు గోడ, దడీ చట్రమూ కలిసి, మొత్తంగా లోపలికి పడింది. ఆడవాళ్లు కేకలు పెడుతూ బయటికి ఉరికారు. ఒక్క మనిషి కాలు మాత్రం దాని కింద ఉండిపోయింది. ఆ మనిషి సీతమ్మ, బుచ్చయ్య భార్య.

చింతలపూడి నుంచి కట్లు కట్టే ఆయన్ని బండిలో తీసుకొచ్చారు. ఎముక అతికింది గాని వంకరగా అతికింది. సీతమ్మ అప్పట్నుంచీ కర్ర ఊతంతో, ఒక పక్కకు ఒరుగుతూ నడిచేది.

ఆమె మొగుణ్ని ఒక్క మాట అనలేదు. అదే అతన్ని తినేసింది. నోరారా తిట్టినా, నెత్తి బాదుకుని ఏడ్చినా తన పాపం కొంతయినా తీరేదనుకునేవాడు. ఆమె వంట మానలేదు, మాట మానలేదు, నవ్వడం కూడా మానలేదు. మానేసింది ఒక్కటే. గోడకు ఆనుకోవడం. అంతకుముందు అన్నం తిన్నాక అరుగు మీద గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, ఆకూవక్కా వేసుకోవడం ఆమెకు మహా ఇష్టం. ఇప్పుడు నిటారుగా కూర్చునేది. మంచం వాకిట్లోనే వేసుకునేది. వాన పడితే ఆ మంచాన్ని లోపలికి లాగి సరిగ్గా గది నడిమధ్యన వేసేది.

మరుసటి ఏడు కోతకు తోటలో పనికి మాత్రం మళ్లీ వెళ్లింది. కాయ మీద బొటనవేలు ఆనించి, ఇది రేపటికి పండుతుంది, ఇది రైల్లో పట్నం చేరేదాకా ఆగుతుంది అని చెప్పగల మనిషి ఆ చుట్టుపక్కల మరొకరు లేరు. మిగతా ఆడవాళ్లు పందిరి కింద కూర్చుంటే ఆమె దూరంగా చెట్టు నీడన చాప వేసుకునేది. నీడ జరిగినప్పుడల్లా చాపతో పాటు తనూ జరిగేది. చూసినప్పుడల్లా బుచ్చయ్యకు ఒకటే తోచేది. తను కట్టిన గోడంటే తన పెళ్లానికే నమ్మకం లేదు. ఇంకే పుణ్యమూ వద్దు, ఒక్కసారి, ఒక్కసారి ఆమె తన చేతి గోడకు వీపు ఆనించి కూర్చుంటే చాలు అనుకునేవాడు. ఆ కోరిక ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారు.

స్వాతంత్ర్యం వచ్చింది, ఆ ఏటి చలికాలమూ వచ్చింది. శ్రీమన్నారాయణగారు మంచి రైతు, మంచి మనసున్న మనిషి, కానీ వేలంపాట అంటే చెవి కోసుకుంటారు. యుద్ధం రోజుల్లో సైన్యం వాళ్లు వేసుకున్న కర్ర షెడ్డు ఒకటి బెజవాడ వైపు వేలానికి వస్తే, దాన్ని ముక్కలు ముక్కలుగా బండ్ల మీద తోటకు తోలించారు. టేకు చట్రాలు, పలకలు, పైకప్పు రేకులు, ఒక సంచీ నిండా బోల్టులు. మళ్లీ గాలికి పడిపోయే కొట్టం వద్దని ఆయన పట్టుదల.

బుచ్చయ్య చట్రం చుట్టూ తిరిగాడు. ముందుకు తిరిగాడు, వెనక్కు తిరిగాడు. గుంజలన్నీ అడుగున సమంగా కోసేసి ఉన్నాయి. అన్నీ కలిపి ఒక పొడుగాటి పట్టెలో దిగ్గొట్టి ఉన్నాయి. ఆ పట్టెకు అక్కడక్కడా బెజ్జాలు.

"వీటికి కాళ్లేవండీ?" అన్నాడు.

"కాళ్లుండవు బుచ్చయ్యా. కింద సిమెంటు గచ్చు పోసి, అందులో బోల్టులు నిలబెట్టి, ఈ అడుగుపట్టెని వాటికి బిగిస్తారంట. మట్టి తగలదు గాబట్టి చెద ఎక్కదు," అన్నారు శ్రీమన్నారాయణగారు.

"నేల పట్టుకోకుండా గోడ ఎట్టా నిలబడుద్దండీ?"

"అది నువ్వే చూడాలి."

ఊరంతా వచ్చి చూసి పోయింది. వచ్చిన ప్రతివాడూ ఒక సలహా పారేసి పోయాడు. కాళ్లు లేని గోడ నడిచి పోతుందేమో, తాడేసి చెట్టుకు కట్టు బుచ్చయ్యా అన్నవాడు కూడా ఉన్నాడు.

సిమెంటు పర్మిట్టు కోసం శ్రీమన్నారాయణగారు నూజివీడు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. బస్తాలు చేతికొచ్చేసరికి మాఘం దాటింది. బెజవాడ నుంచి పరదేశి అనే తాపీ మేస్త్రి వచ్చాడు. యుద్ధం రోజుల్లో ఇలాంటి షెడ్లకు గచ్చులు పోసినవాడు. కంకరా ఇసకా సిమెంటూ కలిపి పోశాక, అది పచ్చిగా ఉండగానే బోల్టులు రావలసిన చోటల్లా అరటిబొంద ముక్కలు గుచ్చాడు. గచ్చు గట్టిపడ్డాక ముక్కలు మెత్తబడి తేలిగ్గా ఊడొచ్చాయి. వాటి చోట చక్కటి గుంటలు మిగిలాయి. బుచ్చయ్యకు ఆ పని తెగ నచ్చింది. అరటిబొందతో అంత పని చెయ్యొచ్చని తనకు ఇన్నేళ్లూ తట్టనందుకు కొంచెం సిగ్గు కూడా పడ్డాడు.

పరదేశికి గుడివాడలో ఇంకో పని ఉంది. పోతూ పోతూ చెప్పాడు.

"బుచ్చయ్యన్నా, గుంటలో దుమ్ము ఊదెయ్యి. నీళ్లతో తడుపు. బోల్టు వంకీ కిందికి పెట్టి నిలబెట్టు, సిమెంటు కలిపి పొయ్యి. అంతే. గుంటలో బోల్టూ సిమెంటూ తప్ప ఇంకేదీ ఉండగూడదు. గుర్తుందా?"

"గుర్తు లేకేం," అన్నాడు బుచ్చయ్య.

గుర్తుంది. కానీ మనసు ఒప్పుకోలేదు. గుంట తీశాక నవధాన్యాలు పొయ్యకుండా, పసుపూ పాలూ వెయ్యకుండా మొదటి గుంజ దింపడం అతని వంశంలోనే లేదు. అసలే కాళ్లు లేని గోడ. నేలను అడక్కుండా నేల మీద నిలబెడుతున్న గోడ. ఆ మర్యాద కూడా చెయ్యకపోతే ఎలా? పైగా పడిపోయిన కొట్టానికి, కట్టిన రోజు గింజలు సరిగా పోశామో లేదోనన్న అనుమానం ఒకటి అతన్ని ఎప్పట్నుంచో పీకుతోంది. చెద మీద పడాల్సిన నేరం గింజల మీదికి పోతే మనిషికి కాస్త తెరిపిగా ఉంటుంది గదా. అందుకని తనే వెళ్లి శ్రీమన్నారాయణగారి తల్లి తులసమ్మగారిని పిలుచుకొచ్చాడు.

తులసమ్మగారు పొంగిపోయారు. సిమెంటు వచ్చాక ఇక తనతో పనేం ఉంటుందిలే అనుకుంటున్నారావిడ. మడిచీర కట్టుకుని, పళ్లెం పట్టుకుని, ఈశాన్య మూల గుంట దగ్గర కూర్చుని దోసెడు గింజలు పోశారు. పసుపు చల్లారు, పాలు వదిలారు.

"ఇంకాస్త పొయ్యండమ్మగారూ," అన్నాడు బుచ్చయ్య. ఎవరూ అడగలేదు, తనే అన్నాడు. ఆవిడ ఇంకో దోసెడు పోశారు. గుంటలో సగం దాకా గింజలే. వాటి మీద బోల్టు నిలబెట్టి, సిమెంటు పోసి, నిండు మనసుతో దణ్ణం పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు చట్రాలు లేపారు. అడుగుపట్టెల కింద తారు పూశాడు. బోల్టుల మీదికి పట్టెలు దించి, ఇనప బిళ్లలు వేసి, నట్టులు తొడిగి, పానాతో వరసగా బిగించుకుంటూ వచ్చాడు. ఒక్కొక్క నట్టూ బిగిసి కీచుమంటుంటే ప్రాణానికి హాయిగా ఉంది. దిమ్మిస దెబ్బలో ఎన్నడూ లేని గట్టితనం అది. అలా అలా ఈశాన్య మూలకు వచ్చాడు. పానా తిప్పాడు. నట్టు బిగియలేదు. ఇంకాస్త తిప్పాడు. బోల్టే మొత్తం తిరిగింది.

పానా పక్కన పెట్టాడు. వంగి పట్టె అంచు కింద చూశాడు. బోల్టు చుట్టూ సిమెంటు గుండ్రంగా పగిలి, పైకి ఉబ్బి ఉంది. పులిసిన వాసన వస్తోంది. గింజలు నీళ్లు తాగి ఉబ్బాయి. ఉబ్బి సిమెంటును పగలగొట్టి, ఇప్పుడు లోపల కుళ్లుతున్నాయి. ఆ మూల రెండు గోడలు కలిసే చోటు. గుట్టల గాలి తగిలేది అక్కడే. మూల వదిలిందంటే రెండు గోడలూ విచ్చుకుంటాయి. సుత్తి పిడి కింద డొల్లగా పలికిన గుంజ చప్పుడు అతని చెవిలో మళ్లీ వినపడింది.

శ్రీమన్నారాయణగారి దగ్గరికి పోయి చెప్పాడు. ఆయన తల గోక్కున్నారు. "కాయ దించే రోజులు దగ్గర పడ్డాయి. మిగతా బోల్టులు పట్టుకోవా?"

"పట్టుకుంటయ్యేమోనండీ. పట్టుకోకపోతే?"

"అమ్మ పోసిన గింజలు తవ్వుతానంటే నేను సరే అన్లేను బుచ్చయ్యా. వెళ్లి ఆవిణ్నే అడుగు."

తులసమ్మగారు వినీ వినగానే లేచి నిలబడ్డారు. "నా చేత్తో పోసిన గింజలు పెకలిస్తావా? నువ్వే గదరా నన్ను పిలిచావు? నువ్వే గదా ఇంకాస్త పొయ్యమన్నావు?"

"నేనేనమ్మగారూ."

"శుభమా అని కట్టిన మూలన ఉలి పెడితే ఈ ఇంటికేమవుద్దో తెలుసా నీకు? పో, మళ్లీ ఈ మాట ఎత్తకు."

సాయంత్రం బుచ్చయ్య ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు. సీతమ్మ చూసింది.

"ఏమయ్యా, కూర బాగాలేదా?"

"ఈశాన్య మూల బోల్టు తిరుగుతోందే."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "మరేం చేస్తావు?" అంది.

ఆ మాట అలవాటుగా అతని నాలిక చివరిదాకా వచ్చింది. చూద్దాంలే. పెదవులు కూడా విడ్డాయి. సీతమ్మ అతని నోటి వంకే చూస్తోంది. బుచ్చయ్య నీళ్లు తాగి ఆ మాటను మింగేశాడు.

"పొద్దున్నే తవ్వుతా," అన్నాడు. "వాళ్లు పనిలోంచి తీసేస్తే తీసెయ్యనీ."

ఆమె ఇంకో గరిటె కూర వేసింది.

తెల్లారగానే పోయి నట్టు విప్పి, మూల పట్టెను గెడకర్రతో కాస్త పైకెత్తి కింద రాయి పెట్టి, ఉలీ సుత్తీ పట్టుకున్నాడు. చెక్కను కోసినట్టు కాదు అది. ఉలి జారేది, నిప్పులు రాలేవి, పెచ్చులు మొహాన కొట్టేవి. వేలి మీద సుత్తి పడి గోరు నల్లబడింది. ఎవరో వెళ్లి చెప్పారు, తులసమ్మగారు రొప్పుకుంటూ వచ్చారు. తోట గట్టు మీదనుంచే తిట్లు మొదలుపెట్టారు. బుచ్చయ్య తల ఎత్తలేదు. భయపడలేదని కాదు, ఉలి వదల్లేదంతే. ఆవిడ వచ్చి నెత్తిన నిలబడేసరికి బోల్టు ఊడి చేతికొచ్చింది. అతను గుంటలో చెయ్యి పెట్టి, లోపలున్నది దోసిట్లోకి తీసి ఆవిడ ముందు పట్టుకున్నాడు. ఉబ్బి, చితికి, నల్లబడి జిగురుగా కారుతున్న ముద్ద.

తులసమ్మగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. వంగి ఆ ముద్దను చూశారు.

"ఈ మూలన కూచునేదెవరు?" అన్నారు చివరికి.

"మన కాయ సర్దే సత్యవతీ, సరోజా వాళ్లండీ. చల్లగా ఉంటదని రేపు కోతలో ఇక్కడే చేరతారు."

"మరి దేవుడి గింజలు ఎక్కడ పొయ్యాలిరా?"

"మట్టిలో పోద్దామమ్మగారూ. అదుగో, చూరు నీళ్లు పడే చోట. అక్కడైతే మొలుస్తయ్యి."

"ఆ మాట ఆ రోజే ఏడవచ్చుగా?"

"ఆ రోజు నాకూ తెలీదండీ."

ఆవిడ ఇంకా ఏదో గొణిగారు గాని, పోయి కొత్త గింజలు తెప్పించి చూరు కింద తనే గీత గీసి చల్లారు. బుచ్చయ్య గుంటను తుడిచాడు, ఊదాడు, కడిగాడు, మళ్లీ ఊదాడు. బోల్టు నిలబెట్టి సిమెంటు పోశాడు. దాని మీద తడి గోనెపట్టా కప్పి, పసిపిల్లకు పోసినట్టు రోజూ నీళ్లు పోశాడు. అది గట్టిపడేదాకా మూల బిగించేది లేదని మొండికేస్తే, శ్రీమన్నారాయణగారు విసుక్కున్నారు. మొదటి కోత కాయలు చెట్ల కిందే సర్దారు. ఆ తర్వాత పానా తిప్పితే నట్టు బిగిసి కీచుమంది. బుచ్చయ్య పానాకు వేళ్లాడినంత పని చేశాడు. బోల్టు కదల్లేదు.

వైశాఖం వచ్చింది. షెడ్డు నిండా కాయలు, గడ్డి, ఆడవాళ్ల కబుర్లు. బాపులపాడు వైపు రైలుకు పోయే బండ్లు బయట వరస కట్టాయి. సీతమ్మ మాత్రం చెట్టు కిందే. షెడ్డు వైపు చూసేది, లోపలికి వచ్చేది కాదు. బుచ్చయ్య పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

ఒక మధ్యాహ్నం గుట్టల వెనక ఆకాశం మసిబారింది. ఆకు కదల్లేదు కాసేపు. అంతలో గాలి ఒక్కసారిగా తోట మీద పడింది. కొమ్మలు విరిగాయి, కాయలు దబదబ రాలాయి, రేకులు గడగడలాడాయి. షెడ్డులో ఉన్న ఆడవాళ్లకు పాత రోజు గుర్తొచ్చింది కాబోలు, గంపలు వదిలేసి బయటికి పరుగెత్తారు. బండ్ల దగ్గర ఎడ్లను పట్టుకుని ఉన్న బుచ్చయ్య దుమ్ములోంచి చూశాడు. అందరూ ఇటు పరుగెత్తుతుంటే ఒక్క మనిషి కర్ర ఊతంతో, ఒరుగుతూ ఒరుగుతూ అటు పోతోంది.

"అత్తా! ఎక్కడికే, బయటికి రా!" అని సత్యవతి అరుస్తోంది.

సీతమ్మ వినిపించుకోలేదు. లోపలికి పోయింది. బుచ్చయ్య పగ్గాలు వదిలేసి పరుగెత్తాడు. అతను గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె ఈశాన్య మూలన చతికిలబడి, వంకర కాలు బారజాపుకుని, ఉత్తరపు గోడకు వీపు ఆనించి కూర్చుంది. అదే పాత కూర్చోవడం, అరుగు మీద కూర్చున్నట్టు. గాలి గోడను గుద్దుతోంది. పలకలు హోరుమంటున్నాయి. చట్రం మూలిగింది గాని కదల్లేదు. అడుగుపట్టె గచ్చును పట్టుకుని అలాగే ఉంది.

బుచ్చయ్య ఆమె ముందు కూలబడ్డాడు. కళ్లనీళ్లు ఆగలేదు, తుడుచుకోనూ లేదు.

"గోడంటే నీకు భయం పోయిందా?" అన్నాడు.

"గోడంటే నాకెప్పుడయ్యా భయం?" అంది సీతమ్మ. గాలి హోరులో అతనికి వినపడేలా చెప్పింది. "ఆ సాయంత్రం నువ్వు గుంజ మీద కొట్టినప్పుడు నేను దడికి అవతలే గడ్డి పరుస్తున్నా. డొల్ల చప్పుడు నాకూ వినపడింది. ఈయన విన్నాడు గదా, ఏం అనకుండా పోతున్నాడంటే పరవాలేదేమోలే అనుకున్నా. మర్నాడు అందుకే ఆ గోడ పక్కనే కూచున్నా."

బుచ్చయ్య తల వంచుకున్నాడు. ఇన్నాళ్లూ ఆమెకు తెలియదనుకున్నాడు. తెలిసి, ఒక్క మాట అనకుండా, ఆమె తన మంచాన్ని గది మధ్యకు లాక్కుంది.

"మొన్న బోల్టు తిరుగుతోందని దాచకుండా నాతో చెప్పావు చూడు," అంది ఆమె మళ్లీ. "ఆ రోజే రావాలనిపించింది. ఒక గాలి చూసి వద్దాంలే అనుకున్నా."

గాలి సన్నగిల్లింది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఆడవాళ్లు తడుస్తూ ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. సీతమ్మ గంప ఒకటి దగ్గరికి లాక్కుని, రాలిన కాయల్లో దెబ్బ తగిలినవి వేరు చెయ్యడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఆ కిటికీ రెక్క కొట్టుకుంటోంది. గడియ వదులైనట్టుంది," అంది తల ఎత్తకుండానే.

బుచ్చయ్య కళ్లు తుడుచుకుని, సుత్తి కోసం లేచాడు.